రోడ్ సైకిల్‌కి ఏ సీటు నప్పుతుంది?

సీటు నొప్పెడుతోందని చెప్పగానే చుట్టుపక్కల వాళ్ల నోట వచ్చే మొదటి మాట, "మెత్తటిది వేయించుకో, లేదంటే జెల్ కవర్ తొడుగు". వీధి చివరి దాకా వెళ్లొచ్చే సైకిల్‌కి ఆ సలహా బాగానే ఉంటుంది. హ్యాండిల్ మీదకు వంగి రెండు మూడు గంటలు తొక్కే రోడ్ సైకిల్ దగ్గరికొచ్చేసరికి బెడిసికొడుతుంది.

మన బరువు మోయాల్సింది పిరుదుల అడుగున ఉండే రెండు ఎముకలు. సైకిల్ వాళ్లు వీటిని సిట్ బోన్స్ అంటారు. గట్టి బల్ల మీద కూర్చుని కాస్త అటూ ఇటూ ఊగితే అవెక్కడున్నాయో మీకే తెలిసిపోతుంది. మరీ మెత్తటి సీటులో ఈ ఎముకలు కిందికి దిగబడతాయి, అవి తొక్కేసిన ఫోమ్ మధ్యలోకి ఉబుకుతుంది. ఆ మధ్యలోనే, కాళ్ల సందున, నరాలూ రక్తనాళాలూ ఉన్నాయి. మొదటి పావుగంట హాయిగా అనిపించి, గంట గడిచేసరికి తిమ్మిరెక్కించే సీట్లు చాలావరకు ఈ బాపతే. అందుకే ఏ రెండు సీట్లను పక్కపక్కన పెట్టినా నేను చూసేది ఒకటే: ఇది బరువును ఎముకల మీద ఆపుతుందా, మెత్తటి చోటికి జారనిస్తుందా? పొడవు, వంపు, మధ్యలో ఖాళీ, పైపొర, వీటన్నిటినీ ఈ లెక్కలోనే తూచాలి.

ముందు ఉన్న సీటును సరిచూడండి

కొత్తది వెతికే ముందు ఒక పూట ఇప్పుడున్న దాని మీద ఖర్చు పెట్టండి. సీటు మీద పడే నిందల్లో చాలా వాటికి కారణం దాన్ని బిగించిన తీరు.

ఎత్తు ఎక్కువైతే, పెడల్ అడుగుకి వెళ్లిన ప్రతిసారీ తుంటి ఆ పక్కకి ఒరుగుతుంది. నిమిషానికి 80, 90 సార్లు అలా ఒరుసుకుంటుంటే ఎంత మంచి సీటైనా తోలు లేపేస్తుంది. వెనక నుంచి ఎవరినైనా చూడమనండి, లేదా ఫోన్ నిలబెట్టి వీడియో తీసుకోండి. మొదటి అంచనాకి, టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన అమెరికన్ గ్రెగ్ లెమాండ్ పేరుతో ప్రచారంలో ఉన్న లెక్క చాలు. గజ్జల నుంచి నేల దాకా కాలి లోపలి పొడవు కొలిచి 0.883తో గుణించండి. వచ్చేది బాటమ్ బ్రాకెట్ (పెడల్ కడ్డీలు తిరిగే ఇరుసు) మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన దూరం. కాలి పొడవు 80 సెంటీమీటర్లయితే సీటు ఎత్తు 70.6. చెప్పుల మందం, పెడల్ రకం బట్టి అక్కణ్ణుంచి మిల్లీమీటర్ల లెక్కన సర్దుకోవాలి.

ఇక వాలు. సైకిల్‌ని చదును నేల మీద నిలబెట్టి, సీటు మీద రసమట్టం పెట్టండి. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. ఈ మధ్య వచ్చే సీట్లలో చాలావాటికి తోక, అంటే వెనక భాగం, పైకి లేచి ఉంటుంది. ముక్కు (సీటు ముందు కొస) నుంచి తోక దాకా పట్టీ వేసి మట్టం చూస్తే బుడగ మధ్యలోకి వస్తుంది గానీ, ముక్కు పైకి లేచిపోతుంది. ఇలాంటివాటికి ముందు నుంచి మధ్య దాకా ఉన్న భాగం మీద పెట్టి చూడాలి. మట్టంగా మొదలుపెట్టి, ముందు ఒత్తిడి ఉంటే ముక్కు ఒకటి రెండు డిగ్రీలు దించండి. అంతకు మించి దించితే ఒళ్లు ముందుకు జారుతూ ఉంటుంది, దాన్ని ఆపడానికి చేతులు బరువు మోస్తాయి. ఇప్పుడు అరచేతులు తిమ్మిరెక్కుతాయి.

హ్యాండిల్ మరీ దూరంగానో కిందో ఉన్నా అంతే. దాన్ని అందుకోవడానికి నడుము కింది ఎముక మొత్తం ముందుకు తిరుగుతుంది, బరువు మెత్తటి చోటికి వెళుతుంది. స్టెమ్ (హ్యాండిల్‌ని సైకిల్‌కి కలిపే ముక్క) కింద రెండు స్పేసర్లు, అంటే రింగులు, వేసి హ్యాండిల్ లేపగానే సీటు గొడవ తీరిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు.

షార్ట్స్ గురించి ఒక్క మాట. ప్యాడ్ ఉన్న షార్ట్స్ లోపల ఇంకే లోదుస్తూ వేసుకోకూడదు. వాటి కుట్లే పుండ్లకు మూలం. ప్యాడ్ మందంగా ఉంటే మంచిదన్నది కూడా సీటు మెత్తగా ఉంటే మంచిదన్న నమ్మకానికి తమ్ముడే.

వెడల్పు

ఇవన్నీ సరిచేసినా నొప్పి మిగిలితే, అప్పుడు కొనే మాట. అందులో మొదటిది వెడల్పు. ఇది తప్పితే మిగతావన్నీ ఎంత బాగా ఎంచినా వృథా.

కొలవడం ఇంట్లోనే అవుతుంది. పార్సిల్ అట్టపెట్టెల్లో వాడే గాడులున్న అట్ట ముక్క ఒకటి తీసుకోండి. మెట్టు మీదో గట్టి స్టూల్ మీదో వేసి, పలచటి బట్టలతో దాని మీద కూర్చోండి. మడమలు కాస్త పైకి లేపి, హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు వంగి, స్టూల్ అంచుల్ని చేతుల్తో పట్టుకుని ఒంటిని కిందికి లాక్కోండి. అర నిమిషం చాలు. లేచి అట్టని వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూస్తే రెండు సొట్టలు కనిపిస్తాయి. కనపడకపోతే వేళ్లతో తడమండి, లేదా పెన్సిల్‌ని పక్కకి వాల్చి పైన తేలిగ్గా రుద్దండి, సొట్ట ఉన్నచోట రంగు అంటదు. ఒక్కో సొట్ట నడిమధ్యన చుక్క పెట్టి, ఆ రెండు చుక్కల మధ్య దూరం కొలవండి. పెద్దవాళ్లలో ఇది సాధారణంగా 100 నుంచి 150 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది.

రోడ్ సైకిల్ మీద మామూలుగా వంగి కూర్చునేవాళ్లు ఆ కొలతకి 20 నుంచి 25 మిల్లీమీటర్లు కలిపి, దానికి దగ్గరలో ఉన్న సైజు చూడాలి. 120 వచ్చిందంటే 143 లాంటిది, 130 దాటితే 155 లాంటిది. చాలా కంపెనీలు ఒకే మోడల్‌ని రెండు మూడు వెడల్పుల్లో చేస్తాయి. ఒక్క వెడల్పులోనే దొరికే సీటు, ఎంత పేరున్నదైనా, మీ కొలతకి సరిపోతేనే తీసుకోండి.

కొలతకి భంగిమని జతచేయాలి. ఈ ఎముకలు వెనక వెడల్పుగా, ముందుకు వచ్చేకొద్దీ దగ్గరగా ఉంటాయి. నిటారుగా కూర్చుంటే వెడల్పు భాగం ఆనుతుంది, బాగా వంగితే ముందున్న ఇరుకు భాగం ఆనుతుంది. కాబట్టి ఎప్పుడూ డ్రాప్స్ (హ్యాండిల్ కింది వంపు) పట్టుకుని తొక్కేవాళ్లు కొంచెం ఇరుకుది, హుడ్స్ (బ్రేకుల పైభాగం) మీద చేతులు పెట్టి తీరిగ్గా కూర్చునేవాళ్లు కొంచెం వెడల్పుది తీసుకోవాలి. ఒళ్లు లావుగా ఉంటే వెడల్పాటి సీటు కావాలనేది వట్టి అపోహ. ఈ ఎముకల మధ్య దూరానికీ ప్యాంటు సైజుకీ సంబంధం లేదు.

ఆడవాళ్ల సీటు, మగవాళ్ల సీటు అన్న విభజననీ ఇదే దృష్టితో చూడండి. సగటున ఆడవాళ్లకు ఈ దూరం ఎక్కువే, అయినా ఇద్దరి కొలతలూ బాగా కలగలిసిపోతాయి. డబ్బా మీద రాసిన పేరు కన్నా అట్ట మీద పడిన సొట్టలు నిజం చెబుతాయి.

పొట్టి ముక్కు, పొడుగు ముక్కు

పాతకాలపు రోడ్ సీట్లు 270, 280 మిల్లీమీటర్ల పొడవుండేవి. 2015లో స్పెషలైజ్డ్ కంపెనీ పవర్ అనే సీటు 240 మిల్లీమీటర్ల పొడవుతో, వెడల్పాటి ముక్కుతో, మధ్యలో పెద్ద ఖాళీతో వచ్చింది. ఆ తర్వాత దాదాపు ప్రతి కంపెనీ అలాంటిది ఒకటి తెచ్చింది. పందేల సైకిళ్లకి అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ నిబంధన ప్రకారం సీటు 240కి తగ్గకూడదు, 300కి మించకూడదు. ఆ 240 అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థమైందిగా.

పొట్టి ముక్కు లాభమేమిటంటే, వంగినప్పుడు మెత్తటి భాగాన్ని ఒత్తడానికి అక్కడ సీటే ఉండదు. తొడలకి తగిలేదీ తక్కువ. నష్టమూ అందులోనే ఉంది. ఒకే చోట కుదురుగా కూర్చోబెడుతుంది. ఎత్తెక్కేటప్పుడు వెనక్కి, చదునులో వేగం పెంచేటప్పుడు ముందుకి జరుగుతూ తొక్కే అలవాటున్నవాళ్లకి ఇది కాళ్లు చాపుకోలేని గది. అలాంటివాళ్లకి పొడవాటి, బల్లపరుపు సీటే మేలు. గంటల తరబడి తొక్కేటప్పుడు అప్పుడప్పుడు జరగడం కూడా ఒక విశ్రాంతే.

పొడుగుది తీసి పొట్టిది బిగించేటప్పుడు చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే: పాత ముక్కు ఉన్నచోటే కొత్త ముక్కు వచ్చేలా బిగిస్తారు. అలా చేస్తే కూర్చునే వెడల్పు భాగం సుమారు మూడు సెంటీమీటర్లు ముందుకు వచ్చేస్తుంది, మోకాళ్లు నొప్పెడతాయి. దానికి బదులు, సీటు వెడల్పు 80 మిల్లీమీటర్లు ఉన్నచోట రెండింటి మీదా టేపుతో గుర్తు పెట్టండి. ఆ గుర్తు నుంచి హ్యాండిల్‌కి ఉన్న దూరం పాతదానిలో ఎంతో కొత్తదానిలోనూ అంతే ఉండాలి. ఎత్తు కూడా మళ్లీ కొలవాలి, ఎందుకంటే పట్టాల (సీటు అడుగున, బిగించడానికి ఉండే రెండు కడ్డీల) నుంచి సీటు పైభాగం దాకా మందం మోడల్‌కో తీరున ఉంటుంది.

గాడి, ఖాళీ, అసలు ముక్కే లేనివి

1990ల చివర్లో సైకిల్ సీటుకీ మగవాళ్ల లైంగిక ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద పెద్ద చర్చ లేచింది. నడుమ గాడి, ఖాళీ ఉన్న సీట్లు విరివిగా రావడం అప్పటి నుంచే. ఇప్పుడు అవి లేని రోడ్ సీటే అరుదు.

మధ్యలో ఒత్తిడి తగ్గించే సీట్లు మూడు రకాలు. ఒకటి పైపొరలో లోతు లేని గాడి, చూడ్డానికి ఉంటుంది తప్ప పెద్దగా ఒరిగేదేమీ లేదు. రెండోది పైపొర, లోపలి షెల్ (గట్టి పలక) రెండూ కోసేసిన పూర్తి ఖాళీ. తిమ్మిరి ఉన్నవాళ్లకి నేను నేరుగా చెప్పేది దీన్నే. అయితే ఖాళీ అంచులు పదునుగా ఉంటే కొందరికి, ముఖ్యంగా ఆడవాళ్లకి, అవే కోసుకుంటాయి, వాపు వస్తుంది. అలాంటప్పుడు అంచులు గుండ్రంగా ఉన్నదో, ఖాళీ స్థానంలో చాలా మెత్తటి ఫోమ్ నింపినదో చూడాలి. స్పెషలైజ్డ్ వాళ్ల మిమిక్ రకం ఇలా ఫోమ్ నింపిన తరహాది. ఇటలీ కంపెనీ సెల్లె ఎస్ఎంపీ సీట్లు ముక్కును గద్ద ముక్కులా కిందికి వంచి, ముందు నుంచి వెనక దాకా ఖాళీ వదులుతాయి. నప్పినవాళ్లు వాటిని వదలరు. వాలు ఒక్క డిగ్రీ అటూ ఇటూ అయితే మాత్రం ఓర్చుకోవడం కష్టం.

మూడోది ముక్కే లేని సీటు, లేదా ఐఎస్ఎమ్ కంపెనీ చేసేలాంటి రెండు కొమ్ముల సీటు. అమెరికాలో సైకిల్ మీద గస్తీ తిరిగే పోలీసుల మీద ఆ దేశపు వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ పరిశోధకులు చేసిన అధ్యయనం 2008లో వెలువడింది. ఆరు నెలలు ముక్కు లేని సీట్లు వాడిన 90 మంది మగవాళ్లలో, తొక్కేటప్పుడు తిమ్మిరి రాలేదన్నవాళ్లు 27 శాతం నుంచి 82 శాతానికి పెరిగారు. ఇంత తేడా చూశాక అందరూ వాటికే ఎందుకు మారలేదని అడగొచ్చు. గస్తీ తొక్కుడు వేరు, రోడ్ తొక్కుడు వేరు. మలుపుల్లో, దిగువల్లో సైకిల్‌ని తొడలతో ముక్కుకి ఆనించి అదుపు చేసే అలవాటు రోడ్ మీద బాగా పనికొస్తుంది. పైగా కొమ్ముల మధ్య వెడల్పు తొడల లోపలి వైపు ఒరుసుకుంటుంది. ట్రయాథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు కలిసిన పోటీ) వాళ్లు ఏరోబార్ల మీద, అంటే మోచేతులు ఆనించే ముందు కడ్డీల మీద, వాలి నేరుగా దూసుకుపోతారు కాబట్టి వాళ్లకి ఇవి చక్కగా కుదిరాయి. మిగతావాళ్లు పూర్తి ఖాళీ ఉన్న సీటు కూడా పనిచేయనప్పుడే ఇటు రావాలి.

ఏ సీటైనా సరే, పది పదిహేను నిమిషాలకోసారి పెడల్స్ మీద లేచి నిలబడి కాసేపు తొక్కండి. ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ని కదలకుండా నిలిపే స్టాండు) మీద తొక్కేటప్పుడు సీటు రెట్టింపు బాధ పెట్టడానికి కారణం కూడా ఇదే, అక్కడ ఎవరూ లేవరు, సైకిలూ కదలదు.

బల్లపరుపు, వంపు

పక్క నుంచి చూస్తే కొన్ని సీట్లు చదునుగా, కొన్ని దోనెలా మధ్యలో దిగి ఉంటాయి. నడుము బాగా వంగేవాళ్లకి, జరుగుతూ తొక్కేవాళ్లకి చదునువి. నడుము బిగుసుకుపోయి ఉండి, వెనక ఆసరా కోరేవాళ్లకి దోనెవి. వెనక నుంచి చూసినప్పుడు మధ్యలో బాగా ఉబ్బి, పక్కలకి వాలిపోయే సీట్లతో మాత్రం జాగ్రత్త. వాటి మీద ఎముకలు వాలు మీద కూర్చుంటాయి, బరువు ఉబ్బిన మధ్యకి చేరుతుంది.

పై నుంచి చూసే ఆకారమూ ముఖ్యమే. వెనక వెడల్పు నుంచి ఒక్కసారిగా సన్నబడేవి తొడలకి అడ్డం రావు, నిదానంగా సన్నబడే పియర్ పండు ఆకారం తొడలు దగ్గరగా ఉన్నవాళ్లని ఒరిపిస్తుంది. తొడ లోపల ఎర్రబడుతోందంటే వెడల్పుని తప్పుపట్టే ముందు ఈ ఆకారం చూడండి.

దేంతో చేశారు

ఫోమ్ సీట్లు ఎక్కువ, వాటి గురించి చెప్పేదీ తక్కువ. బొటనవేలితో గట్టిగా నొక్కితే కొద్దిగా దిగి ఆగిపోవాలి. వేలు కింద షెల్ తగిలితే పలచన, వేలు మునిగిపోతే మరీ మెత్తన. జెల్ గతుకుల అదురుని కాస్త తగ్గిస్తుంది, బరువు పెంచుతుంది, కాలం గడిచేకొద్దీ పక్కలకి జరుగుతుంది. రోడ్ సైకిల్‌కి జెల్ కోసం ప్రత్యేకంగా వెతకక్కర్లేదు. అదురే బాధయితే 25 మిల్లీమీటర్ల టైర్ల నుంచి 28కో 32కో మారి, గాలి కొంచెం తగ్గించడం ఏ సీటు కన్నా ఎక్కువ మేలు చేస్తుంది, ఫ్రేములో చోటుంటే.

తోలు సీటు వేరే లోకం. 1866లో మొదలైన బ్రూక్స్ కంపెనీ బీ17ని పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచీ చేస్తోంది. రెండు కొసల మధ్య లాగి బిగించిన మందపాటి తోలు, కింద ఫోమూ షెల్లూ ఏమీ ఉండవు. కొత్తలో చెక్కలా ఉంటుంది. కొన్ని వందల కిలోమీటర్లు తొక్కాక మీ ఎముకల కింద తోలు దిగి, మీకే కుట్టినట్టు తయారవుతుంది. దూర ప్రయాణాలకి దీన్ని మించింది లేదనేవాళ్లు కోకొల్లలు, వాళ్ల మాటలో నిజముంది. అయితే బరువు అర కిలో దాటుతుంది, వర్షంలో తడిస్తే సాగిపోతుంది, అప్పుడప్పుడు మైనం పట్టించాలి, బోల్టు తిప్పి బిగువు చూసుకోవాలి. వెడల్పు సుమారు 175 మిల్లీమీటర్లు, కాబట్టి హ్యాండిల్ సీటు ఎత్తుకి దగ్గరగా ఉండి, కొంత నిటారుగా కూర్చునేవాళ్లకే బీ17. బాగా వంగేవాళ్లకి అది అడ్డం. తోలు సేవలు చేసే ఓపిక లేనివాళ్లకి అదే కంపెనీ కేంబియం సీట్లున్నాయి, రబ్బరుతో చేసినవి, వానకి చెక్కుచెదరవు, కానీ తోలులా ఒంటికి మలచుకోవు.

2020 ప్రాంతంలో త్రీడీ ప్రింటింగ్ సీట్లు వచ్చాయి. ఫోమ్ స్థానంలో తేనెపట్టు లాంటి జాలీ ఉంటుంది, ఒకే ముక్కలో ఎముకల కింద గట్టిగా, ముందు మెత్తగా ఉండేలా అల్లుతారు. ఇవి నిజంగానే బాగుంటాయి. కానీ వీటి ధరకి తగ్గ తేడా కనపడాలంటే ఆకారమూ వెడల్పూ ముందే మీకు నప్పినవై ఉండాలి. అదే కంపెనీ అదే ఆకారంలో ఫోమ్ సీటు అమ్ముతుంటే, ముందు దాని మీద తొక్కి చూడడం తెలివైన పని. జాలీలో బురద చేరితే కడగడం ఓ తతంగం, పైభాగం షార్ట్స్‌ని పట్టేసుకుంటుంది, జరిగి కూర్చునేవాళ్లకి చిరాకు.

పట్టాల గురించి ఎక్కువ ఆలోచించకండి. స్టీలు, టైటానియం, కార్బన్, తేడా ప్రధానంగా బరువులోనే. కార్బన్ పట్టాలు గుండ్రంగా కాక కోలగా ఉంటాయి, మీ సీట్‌పోస్ట్ (సీటు కింది గొట్టం) క్లాంపు వాటిని పట్టగలదో లేదో మాత్రం చూసుకోండి.

ఇక ఎంపిక

దేని మీదా తొక్కి చూసే వీలు లేక ఒకటే కొనాలంటే, రోడ్ సైకిల్ తొక్కేవాళ్లలో ఎక్కువమందికి నా మొదటి పందెం ఇది: అట్ట కొలతకి సరిపడే వెడల్పు, 240 నుంచి 255 మధ్య పొడవు, పూర్తి ఖాళీ, ఓ మోస్తరు గట్టి ఫోమ్, మామూలు స్టీలు పట్టాలు. సీటు మీద ముందుకీ వెనక్కీ తిరిగేవాళ్లకి పొడవాటి చదును సీటు. రోజంతా తొక్కుతూ, వేగం కన్నా దూరం ముఖ్యమనుకునేవాళ్లకి తోలు.

ఎముకల దగ్గర నొప్పి కొత్తలో అందరికీ ఉంటుంది, రెండు మూడు వారాల్లో పోతుంది. పోకపోతే సీటు మీకు ఇరుకైందని అనుమానించాలి. ఒక పక్కే నొప్పి, ఒక పక్కే పుండు అయితే సీటు మార్చి లాభం లేదు, కూర్చోవడంలోనే వంకర ఉంది, బైక్ ఫిట్టర్‌కి (సైకిల్‌ని ఒంటి కొలతకి సర్దే నిపుణుడికి) చూపించుకోండి. దిగిన తర్వాత కూడా తిమ్మిరి వదలకపోయినా, మూత్రంలో రక్తం కనిపించినా, సెగ్గడ్డ మానకపోయినా తొక్కడం ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

దుకాణంలో సీటు మీద చేత్తో నొక్కి చూడడం, స్టాండు మీద సైకిలెక్కి కూర్చోవడం వల్ల తెలిసేది స్వల్పం. వాడి చూసి వెనక్కిచ్చే వీలున్నచోట కొనండి, లేదా స్నేహితుల దగ్గర అరువు తెచ్చుకోండి. బిగించేటప్పుడు ఎత్తు, వాలు, హ్యాండిల్ దూరం రాసిపెట్టుకుని, ఒక్కోసారి ఒక్కటే మార్చండి. రెండు మార్చితే ఏది పనిచేసిందో తేలదు.

నప్పింది దొరికాక కూడా ఏడాదికోసారి తిరగేసి చూడండి. షెల్‌లో పగులుందా, పట్టాలు ఒక పక్కకి వంగాయా, ఫోమ్ ఎముకల కింద గుంటపడి లేవడం లేదా? ఉంటే మార్చే సమయమైంది. మళ్లీ అదే మోడల్, అదే వెడల్పు కొనండి. ఆ మోడల్ తయారీ ఆపేస్తున్నారని తెలిసి, ఇంకో రెండు కొని అటక మీద దాచుకునేవాళ్లున్నారు. వాళ్లని చూసి నేనైతే నవ్వను.